సమూయేలు చెప్పిన లెక్క

(పాఠభాగము: 1 సమూయేలు 8, 12 అధ్యాయములు)



ఈ నెల పాఠము చదువుటకు ముందు సమూయేలు మొదటి గ్రంథము పండ్రెండవ అధ్యాయమును ఇంటిల్లిపాదియు వినునట్లు ఒకమారు బిగ్గరగా చదువుడి. చదువురాని పెద్దలు మనుమలచేత చదివించుకొని వినుడి. తరువాత ఈ మాటలు చూచితిరేని సులభముగా బోధపడును.

సమూయేలు తల నెరసినవాడు. ఏటేట బేతేలుకును గిల్గాలుకును మిస్పాకును తిరిగి జనుల తగవులు తీర్చి రామాలోని తన యింటికి మరలి వచ్చెడివాడు. ఇప్పుడు జనులు తమకు రాజు కావలెనని పట్టుబట్టిరి, సౌలును రాజుగా పొందిరి. ముదుసలి తన పని అప్పగించు దినము వచ్చినది. ఆ దినమున ఆయన తాను చేసిన మేళ్లను ఏకరువు పెట్టలేదు. మీలో ఎవరి యెద్దును నేను పట్టుకొంటినా, ఎవరి గాడిదను తోలుకొని పోతినా, ఎవరినైనను మోసగించితినా, లంచము పుచ్చుకొని కన్నులు మూసికొంటినా అని సభలో నిలిచి అడిగెను. తీసికొనియుంటినేని తిరిగి యిచ్చెదను అనెను. క్రొత్త రాజు అక్కడనే నిలిచియుండెను. అతడు విను చుండగనే యీ ప్రశ్న అడుగబడినది.

పదవిలోనికి వచ్చు దినమున బాజాలుండును, దండలుండును. పదవి విడుచు దినమున ఈ విధముగా నిలువబడిన వారెందరు? మన ప్రాంతమునకు ఓటు క్రొత్తగా వచ్చిన కాలమున నడచిన సంగతులు కొన్నిటిని ఈ ప్రశ్న వెలుగులో చూచుట మంచిదని మాకు తోచినది. మన తాత తండ్రులు కన్నులార చూచిన సంగతులే యివి, అయినను మన పిల్లలకు తెలియవు.

వయోజనులందరికి ఓటు ఇచ్చిన మొదటి సాధారణ ఎన్నికలు 1951 అక్టోబరు మొదలు 1952 ఫిబ్రవరి వరకు జరిగెను. దేశమందంతట ఓటర్లు 17 కోట్లకు పైబడియుండిరి. అక్షరము రానివారే ఎక్కువ గనుక ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి దానిమీద గుర్తు అంటించిరి. కాంగ్రెసువారికి కాడి మోయు ఎద్దుల జత, సోషలిస్టులకు చెట్టు, కృపలానీ గారి ప్రజా పార్టీకి గుడిసె, కమ్యూనిస్టులకు కంకి కొడవలి. ఓటరు చీటీని తనకు నచ్చిన పెట్టెలో వేయవలెను. ఉత్తర దేశమున లక్షలాది స్త్రీలు పరాయివానికి తమ పేరు చెప్ప నిష్టపడక ఫలానావాని భార్య, ఫలానావాని తల్లి అని వ్రాయించుకొనిరి. అట్టివారి పేర్లు సుమారు 28 లక్షలు పట్టీలోనుండి కొట్టివేయబడెను. పేరు చెప్పుకొనుట ఎంత గొప్ప సంగతియో దీనివలన తెలియును. బాప్తిస్మపు దినమున మన అవ్వలను పేరు పెట్టి పిలిచినప్పుడు వారి ముఖములు ఎట్లు వెలిగియుండునో మేము తలంచుకొందుము.

ఆ నాటికి శ్రీకాకుళము జిల్లా ఏర్పడి రెండేండ్లయిన కాలేదు. 1950 ఆగస్టు 15వ తేదీన విశాఖపట్టణము జిల్లానుండి దానిని విడదీసిరి. విజయనగరము విశాఖ జిల్లాలోనే యుండెను, అది వేరు జిల్లా యగుట 1979లో. మనమందరమును అప్పుడు మద్రాసు రాష్ట్రపు ప్రజలమే. ఓట్లు లెక్కించినప్పుడు పెద్దలు అనుకొన్నట్లు జరుగలేదు. మద్రాసు శాసనసభ 375 స్థానములలో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చెను. విజయనగర సంస్థానపు వారసుడైన పి.వి.జి. రాజు గారు సోషలిస్టు పక్షమున నిలిచి శాసనసభకు ఎన్నికైరి. రాజు బిడ్డ చెట్టు గుర్తుతో వచ్చి పాలేరును ఓటడుగుట మన ప్రాంతమువారు మునుపెన్నడు చూచిన సంగతి కాదు. శ్రీకాకుళము పార్లమెంటు స్థానమున స్వతంత్రుడుగా నిలిచిన బొడ్డేపల్లి రాజగోపాలరావు గారు గెలిచిరి. పాతపట్నమునుండి కాంగ్రెసువారైన వి.వి. గిరి గారు గెలిచి కేంద్రములో కార్మిక మంత్రియైరి. గిరి గారిని జ్ఞాపకముంచుకొనుడి, మరల ఆయనయొద్దకు వత్తుము.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఏర్పడెను. అంతకు ముందటి సంవత్సరము డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్షలో ప్రాణము విడిచిన సంగతి మీరెరుగుదురు. క్రొత్త రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు గారు. అప్పటికి ఆయనకు 81 ఏండ్లు. బారిస్టరుగా ఎంతో ఆర్జించి, ఆర్జించినదంతయు దేశసేవలో పోగొట్టుకొన్నవాడు. 1928లో సైమను కమిషనును ప్రతిఘటించుచు తుపాకుల యెదుట రొమ్ము చూపిన మనుష్యుడు. కాని ఆయన వెనుక నిలిచిన పక్షములు ఒక్కటి కావు. కాంగ్రెసులోనుండి వెళ్లి, ప్రజా పార్టీలో ఉండి, దానిని విడిచి మరల కాంగ్రెసు బలముతో ముఖ్యమంత్రియైనవాడు ఆయన. 140 మంది సభ్యుల శాసనసభలో దారము మీద నడిచినట్లు నడిచెను.

ఆ దారము తెగినది కల్లు ముంతయొద్ద. మద్రాసు రాష్ట్రములో 1948 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలులోనుండెను. నిషేధము సరిగా సాగుట లేదు, ఎత్తివేయుట మేలని రామమూర్తి గారి సంఘము చెప్పెను. ప్రకాశం గారి ప్రభుత్వము దానికి ఒప్పలేదు. సోంపేట తాలూకా బారువలో పుట్టిన గౌతు లచ్చన్న గారు గీత పనివారి పక్షమున నిలిచి పోరాడిరి. తుదకు 1954 నవంబరులో శాసనసభలో అవిశ్వాస తీర్మానము వచ్చెను. అది ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గెను. ప్రకాశం గారు దిగిపోయిరి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మద్యపానము మానుమని బోధించుట మన సంఘములకు వెన్నతో పెట్టిన అలవాటు. అది మంచిదే, త్రాగుబోతు ఇంటి ఆకలి మేము ఎరుగుదుము. అయితే తాటిచెట్టెక్కి బ్రదుకువాని పొయ్యిలో ఆ చట్టమువలన నిప్పు ఆరినదని లచ్చన్న గారు చూపినప్పుడు, అదియు ఒక ఆకలియే కదా. త్రాగువానిని గూర్చి పది ప్రసంగములు చేసిన మేము గీతవానిని గూర్చి ఒక్కటియు చేయలేదు. ప్రకాశం గారిది తప్పా, లచ్చన్న గారిది తప్పా అని తీర్పు చెప్పుట మాకు చేతకాదు. ఇద్దరును తమకు లాభము కొరకు నిలువలేదని మాత్రము తోచుచున్నది.

ఆ ఓటు తరువాత నడచినది మరియు ఆలోచింపదగినది. ప్రభుత్వమును పడగొట్టుటకు కలసిన పక్షములు కలసి మరియొక ప్రభుత్వము నిలువబెట్టలేకపోయెను. కృషికార్ లోక్ పార్టీవారి త్రోవ ఒకటి, కమ్యూనిస్టుల త్రోవ వేరొకటి. ఇల్లు పీకుటకు పదిమంది వచ్చిరి, కట్టుటకు మేస్త్రి లేడు. రాష్ట్రపతి పాలన వచ్చెను. 1955 ఫిబ్రవరిలో మరల ఎన్నికలు జరిగి కాంగ్రెసు, దానితో కలసిన పక్షములు 196 స్థానములలో 146 గెలిచి బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రియైరి.

ఇదే కాలమున దూరదేశమొకటి ఈ చిక్కునే విప్పుకొనుటకు ప్రయత్నించుచుండెను. అది జర్మనీ. ఆ దేశము మనకు పరాయిది కాదు. దాని ఉత్తరభాగమునందలి బ్రెక్లం అను పల్లెనుండి బయలుదేరిన మిషనరీలే మన సాలూరు మెట్టకు సువార్త తెచ్చిరి. ఆ దేశము హిట్లరుచేత చెడి, యుద్ధములో ఓడి, రెండు ముక్కలై, 1949లో పశ్చిమ భాగమున క్రొత్త రాజ్యాంగము వ్రాసికొనెను. 73 ఏండ్ల కొన్రాడ్ అడెనౌర్ గారు 1949 సెప్టెంబరు 15న ప్రభుత్వాధిపతిగా ఎన్నికైరి. సభ్యులు 402 మంది, కావలసినవి 202 ఓట్లు, వచ్చినవి సరిగా 202. తన ఓటు తానే వేసికొన్నట్లు ఆయన దాచలేదు. ఇక్కడ ఒక్క ఓటుతో ఒక వృద్ధుడు దిగిపోయెను, అక్కడ ఒక్క ఓటుతో ఒక వృద్ధుడు గద్దెనెక్కి పదునాలుగేండ్లు ఏలెను.

అయితే మేము చెప్పవలసినది ఆ ఒక్క ఓటు వింతను కాదు. జర్మనులు తమ రాజ్యాంగపు 67వ అధికరణములో ఒక నియమము వ్రాసికొనిరి: పాత అధిపతిని తీసివేయవలెననిన, అదే ఓటుతో క్రొత్త అధిపతిని ఎన్నుకొనవలెను. ఉత్తగా పడగొట్టుటకు వీలులేదు. హిట్లరుకు ముందటి దినములలో ఒకరినొకరు ద్వేషించు పక్షములు కలసి ప్రభుత్వములను పడగొట్టి, తామేమియు కట్టలేక, దేశమును అంధకారమునకు అప్పగించిన అనుభవము వారిచేత దానిని వ్రాయించెను. 1972లో ఈ నియమము క్రింద ఒక ప్రయత్నము రెండు ఓట్ల కొరతతో విఫలమాయెను, 1982లో ఒకటి నెగ్గెను. మన రాజ్యాంగములో ఇట్టి నియమము లేదు. ఉండియుండినచో 1954 నవంబరులో కర్నూలులో ఏమి జరిగియుండునో!

అడెనౌర్ గారి పక్షము పేరులోనే 'క్రైస్తవ' అను మాట కలదు. 1945లో కథోలికులును ప్రొటెస్టెంటులును కలసి స్థాపించిన పక్షమది. ఆయన మంత్రివర్గములో గుస్టావ్ హైనెమన్ అను ప్రొటెస్టెంటు సంఘపెద్ద హోంమంత్రిగా ఉండెను. ఆ దేశపు ఎవాంజెలికల్ సంఘ మహాసభకు అధ్యక్షుడు కూడ ఆయనే. 1950లో అడెనౌర్ గారు మంత్రులను అడుగకయే, జర్మనీ మరల సైన్యము పోగుచేయుటకు సిద్ధమని మిత్రరాజ్యములకు తెలిపిరి. హైనెమన్ గారు అక్టోబరులో మంత్రిపదవి విడిచిపెట్టిరి. తరువాత చిన్న పక్షమొకటి పెట్టి 1953 ఎన్నికలలో నిలువగా ఒక్క స్థానమైనను రాలేదు. క్రీస్తు పేరు పెట్టుకొన్న పక్షమును మనస్సాక్షి కొరకు విడిచి, బయట ఎండలో నిలిచిన ఈ క్రైస్తవుని గూర్చి మన పత్రికలలో వ్రాసినవారు తక్కువ. పక్షమునకు బాప్తిస్మము ఇయ్యలేము కదా.

ఇప్పుడు గిరి గారియొద్దకు వత్తము. వరాహగిరి వెంకటగిరి గారు బరంపురములో పుట్టిన తెలుగువారు, కార్మిక సంఘముల నాయకులు. బ్యాంకు ఉద్యోగుల జీతములపై న్యాయస్థానమిచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చినప్పుడు, కార్మిక మంత్రినై యుండి దీనిని సమర్థింపలేనని 1954 ఆగస్టులో రాజీనామా చేసిరి. ప్రకాశం గారు కర్నూలులో గద్దె దిగుటకు కొద్ది నెలల ముందు మాట యిది.

1957లో గిరి గారు పార్వతీపురమునుండి నిలిచిరి. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గము. అప్పట్లో ఇట్టివి దేశములో అనేకము లుండెను. ఒక స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినది, రెండవది అందరిది. ఓటరుకు రెండు ఓట్లు. లెక్కించినప్పుడు బిడ్డిక సత్యనారాయణ గారికి అందరికంటె ఎక్కువ వచ్చి ప్రత్యేక స్థానము ఆయనకు దక్కెను. మిగిలినవారిలో అధికముగా వచ్చినది డిప్పల సూరిదొర గారికి. ఆయనయు గిరిజనుడే, మూకదొరల వారు. ఆయనకు 1,24,604 ఓట్లు, గిరి గారికి 1,24,039. అందరికిని చెందిన స్థానము సూరిదొర గారిదాయెను. కేంద్రములో మంత్రిగా నుండినవాడు కొండజాతి మనుష్యునిచేత 565 ఓట్లతో ఓడిపోయెను.

565 అనగా ఎంతమంది? మన సంఘములు రెండు మూడు కలిపిన అంతే. పంటకోతకు ఒక ఊరివారు వలసపోయి ఓటు వేయకపోయిన, ఆ లెక్క తారుమారగును.

గిరి గారు న్యాయస్థానమునకు వెళ్లిరి. సూరిదొర గారి కుటుంబము క్షత్రియుల ఆచారములు పాటించుచు క్షత్రియులమని చెప్పుకొనుచున్నది గనుక ఆయన గిరిజనుడు కాడనియు, గిరిజనుడైనను ప్రత్యేక స్థానమునకు నిలిచి అందరి స్థానము తీసికొనరాదనియు వాదము. 1959లో సుప్రీంకోర్టు గిరి గారి అప్పీలును త్రోసివేసెను. వ్యక్తి తన్ను తాను ఏమని చెప్పుకొన్నను జన్మమువలన వచ్చిన జాతి అంత తేలికగా మారదనియు, గిరిజనుడు గెలిచినచో అందరి స్థానమునకును అర్హుడే యనియు దాని తీర్పు. ఇద్దరు సభ్యుల నియోజకవర్గములు 1961లో రద్దాయెను.

గిరి గారి వాదము మాకు కొంచెము కష్టము తోపించును. కార్మికుల కొరకు మంత్రిపదవి విడిచినవాడు, ఒక కొండవాని జాతిని కోర్టులో ప్రశ్నింపవలసి వచ్చెనా అని. అయితే ఆయన కర్రలు పట్టుకొని రాలేదు, పెట్టెలు పగులగొట్టలేదు. చట్టము చూపిన ద్వారము తట్టెను, ఆ ద్వారము మూసినప్పుడు ఒప్పుకొనెను. తరువాత ఆయన ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు గవర్నరుగాను, 1967లో ఉపరాష్ట్రపతిగాను ఉండి, 1969లో రాష్ట్రపతియైరి. ఆ యెన్నికలో ఆయనచేత ఓడినవారు నీలం సంజీవరెడ్డి గారు, ప్రకాశం గారి మంత్రివర్గములో ఉపముఖ్యమంత్రి. అదే 1969లో పశ్చిమ జర్మనీలో రాష్ట్రాధ్యక్షుడైనవాడు ఎవరనుకొందురు? ఒక్క స్థానమును రాని పక్షము పెట్టిన హైనెమన్ గారే. మంత్రిపదవిని విడిచిన ఇద్దరును 1969 మొదలు 1974 వరకు తమ తమ దేశములకు అధ్యక్షులుగా ఉండిరి. విడిచిన ప్రతివానికి ఇట్లు తిరిగి వచ్చునని మేము చెప్పుట లేదు. రానివారే పెక్కుమంది.

సూరిదొర గారి వ్యాజ్యెమును చదివినప్పుడు మన సంఘములవారికి వేరొక నొప్పి కలుగును. జన్మమువలన నీవెవరవు అను ప్రశ్న మనకు కోర్టు కాగితములలోని ప్రశ్న కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులమువాడనిపించుకొనుటకు హిందువై యుండవలెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. గిరిజనులకు అట్టి మతనిబంధన లేదు. కాబట్టి కొండమీద జాతాపు విశ్వాసియు, సవర విశ్వాసియు ప్రత్యేక స్థానమునకు నిలువవచ్చును. మెట్టలోని పేటలో బాప్తిస్మము పొందిన మన సహోదరుడు నిలువలేడు. మన రాష్ట్రములో అట్టివారిని వెనుకబడిన తరగతుల 'సి' పట్టీలో ఉంచిరి. బిడ్డ చదువు కొరకు సంఘపు చిట్టాలో పేరు వ్రాయవద్దని రాత్రివేళ వచ్చి అడుగు తండ్రిని మేము కసరలేము, అతడు చెప్పినట్లు వ్రాయకయు ఉండలేము. ఆ తండ్రితో చాలసేపు కూర్చుండి, టీ ఇచ్చి, ప్రార్థించి పంపివేసితిమి. మరునాడు కూడ మాకు జవాబు దొరకలేదు. ఓటు మాత్రము కుల ధ్రువపత్రమును అడుగదు. చిట్టాలో ఉన్నవానికిని లేనివానికిని అది ఒక్కటే.

మరల సమూయేలునొద్దకు పోదము. ఎనిమిదవ అధ్యాయము మొదటి మూడు వచనములు చూడుడి. ఆయన కుమారులు యోవేలు, అబీయా బెయేర్షెబాలో న్యాయాధిపతులుగా నియమింపబడి, లంచములు పుచ్చుకొని న్యాయమును త్రిప్పివేసిరి. జనులు రాజును అడుగుటకు ఇది ఒక కారణము. పండ్రెండవ అధ్యాయములో సమూయేలు, నా కుమారులు మీ మధ్య ఉన్నారని ఒక్క మాట అని ఊరకుండెను. తన యెద్దుల లెక్క చెప్పెను గాని కుమారుల లెక్క చెప్పలేదు. దైవజనుని నిందించుటకు ఇది చెప్పుట లేదు. లెక్క చెప్పువాని లెక్కలో కూడ ఒక మూల చీకటిగా ఉండునని గ్రంథము దాచలేదు. అయినను 23వ వచనము చూడుడి. తన్ను వద్దనినవారి కొరకు ప్రార్థించుట మానినచో అది యెహోవాకు విరోధమైన పాపమగునని ఆయన తలంచెను, మంచి మార్గము వారికి బోధించెదననెను. పదవి పోయెను, ప్రార్థన పోలేదు. సౌలు చెడినప్పుడు అతని కొరకు దుఃఖించినవాడును ఈయనే.

ఈ పాఠము వ్రాయుటకు మమ్మును ప్రేరేపించిన సంగతి ఒకటి మిగిలియున్నది. వెనుకటి ఎన్నికల ముందు ఒక రాత్రి ఇద్దరు పెద్దమనుష్యులు మా యింటికి వచ్చిరి. ఏ పక్షమో వ్రాయము. సంఘములో ఓట్లు ఎన్ని ఉండునని అడిగిరి. మేము లెక్క చెప్పితిమి. అప్పుడు వారు, గుడి పైకప్పు పాతబడినదని వింటిమి, రేకులు వేయించెదము, ఓట్లు గంపగుత్తగా మాకే వేయించుడి అనిరి. మేము వెంటనే కాదనలేదు. పెద్దలతో ఆలోచించి చెప్పెదమంటిమి. ఎవరి యెద్దును పట్టుకొంటినా అని అడుగవలసిన నోటితో, మంద లెక్కను తోటకు బేరమాడువానికి కాయల లెక్క చెప్పినట్లు చెప్పితిమి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆదివారము ఆరాధనలో ఈ పండ్రెండవ అధ్యాయమే చదివి, జరిగినది జరిగినట్లు సంఘము ఎదుట చెప్పితిమి. మీ ఓటు మాది కాదు, పెద్దలది కాదు, మీ భర్తలది కూడ కాదు, ఎవరికి వేసినను మమ్మును అడుగనక్కరలేదంటిమి. కొందరు తల వంచుకొనిరి. పెద్దలలో ఒకరిద్దరికి కోపము వచ్చినది, ఆ కోపము ఇంకను పూర్తిగా చల్లారలేదు. ఆశీర్వాదము అయిన తరువాత ఒక ముసలమ్మ కర్ర తాటించుకొనుచు మాయొద్దకు వచ్చి, "మరి రేకులొస్తాయా, నేదా అయ్యగోరూ?" అని అడిగినది.

రావమ్మా అని చెప్పితిమి. ఆమె కొంచెముసేపు పైకప్పు చూచి, "అయితే తూరుపేపు గిన్నె మనఁవే పెట్టుకోవాల" అని వెళ్లిపోయినది. ఈ వానలకు రెండు గిన్నెలు పెట్టుచున్నాము.